మా గుడ్లలో నికార్బజిన్ వచ్చిందట, నేను ఆ మందే వాడలేదు, ఎలా?

గుడ్లబండి:

అందరికీ నమస్తే. ఆనందపురం దాటాక మాకో చిన్న కోళ్ల ఫారం ఉంది. కేజ్‌ల్లో ఎనిమిది వేల తెల్ల లేయర్లు, అవి కాక పక్క షెడ్డులో నేల మీద ఊక పరిచి పెంచుతున్న బ్రౌన్ కోళ్లు ఆరు వందలు. ఈ బ్రౌన్ గుడ్లు వైజాగ్‌లో ఒకాయన తీసుకుని ఆరేసి చొప్పున డబ్బాల్లో పెట్టి అమ్ముతాడు. మామూలు గుడ్డు మీద రేటు బాగానే వస్తుంది కాబట్టే ఆ కాసిన్ని కోళ్ల కోసం ఇంత ఊక మోస్తున్నాం.

ఆయన మొన్నామధ్య వచ్చి పన్నెండు గుడ్లు పట్టుకెళ్లి ఏదో ల్యాబ్‌కి పంపాడట, నాకు చెప్పలేదు. నిన్న వాట్సాప్‌లో రిపోర్టు పెట్టాడు. క్లోరాంఫెనికాల్ లేదు, నైట్రోఫ్యూరాన్లు లేవు, టెట్రాసైక్లిన్ లేదు, అన్నీ బాగున్నాయి. చివరి లైనులో మాత్రం నికార్బజిన్ (డీఎన్‌సీ గా) 62 మైక్రోగ్రాములు కిలోకి అని ఉంది. కింద ఎల్ఓక్యూ (ల్యాబ్ నమ్మకంగా కొలవగలిగే అతి తక్కువ మోతాదట) 10 అని చిన్న అక్షరాల్లో. మా ఒప్పందం కాగితంలో "ఏ మందూ కనిపించకూడదు" అని రాసి ఉంది, లోడు ఆపేశాడు.

నేను ఆ పేరు వినడం ఇదే మొదటిసారి. మందుల షాపుకి ఫోన్ చేస్తే "అది బ్రాయిలర్ పిల్లలకి దాణాలో కలిపే కాక్సీ (పేగుల్లో పరాన్నజీవి వల్ల వచ్చే జబ్బు) మందండీ, లేయర్లకి ఎవరు వేస్తారు" అన్నాడు. మా ఫారంలో బ్రాయిలరే లేదు! రాత్రంతా టెన్షన్‌తో నిద్ర లేదు.

ల్యాబ్ వాళ్ల తప్పు అయి ఉంటుందా? మళ్ళీ టెస్టు చేయించాలంటే వైజాగ్‌లో ఎక్కడ అవుతుంది? ఈలోగా గుడ్లు అమ్మొచ్చా?

ఇంకోటి, దీనికి సంబంధం ఉందో లేదో తెలీదు. నెల కిందట ఓ వారం పాటు బ్రౌన్ గుడ్లు పాలిపోయి వచ్చాయి, టీలో పాలు ఎక్కువైనట్టు. కోళ్లకి అరవై వారాలు దాటాయి కదా, వయసు అనుకుని వదిలేశాను. తర్వాత వాటంతట అవే మళ్ళీ రంగొచ్చాయి.

బీచ్‌రోడ్ బుల్లోడు:

అందుకే నేను గుడ్లు మానేసి రెండేళ్లయింది గురూ. నలభై రోజుల్లో రెండు కిలోల కోడి ఎలా తయారవుతుంది, అన్నీ హార్మోన్ ఇంజక్షన్లే. ఇప్పుడు బయటపడుతున్నాయి.

రొయ్యల ల్యాబ్:

బుల్లోడు గారూ, ఆయన అడిగింది గుడ్డు గురించి, మందు గురించి, మధ్యలో హార్మోన్ ఎక్కడిదండీ.

గుడ్లబండి గారూ, నేను వైజాగ్‌లోనే ఒక టెస్టింగ్ ల్యాబ్‌లో మెషిన్ మీద పని చేస్తాను. ఈ ఊళ్లో ఇన్ని ల్యాబ్‌లు ఉన్నాయంటే రొయ్యల పుణ్యం. యూరప్‌కి వెళ్లే కంటైనర్‌లో నైట్రోఫ్యూరాన్ జాడ దొరికితే సరుకంతా తిరిగొచ్చే పరిస్థితి కాబట్టి ఎక్స్‌పోర్టర్లు ముందే పరీక్ష చేయించుకుంటారు. దాని వల్ల మీకో చిక్కుంది, అది చివర్లో చెప్తాను.

ముందు ల్యాబ్ తప్పా అన్నది. అయి ఉండొచ్చు కానీ తేలిగ్గా కాదు. డీఎన్‌సీ అంటే నికార్బజిన్‌లో ఒక భాగం. ఆ మందు రెండు పదార్థాల జోడీ, కోడి కడుపులోకి వెళ్లగానే విడిపోతాయి. రెండోది తొందరగా బయటికి పోతుంది, డీఎన్‌సీ మాత్రం కొవ్వుని పట్టుకుని పచ్చసొనలో కూర్చుంటుంది. అందుకే రిపోర్టుల్లో దాని పేరే రాస్తారు. మేం చేసే పని ఏమిటంటే గుడ్లన్నీ పగలగొట్టి మిక్సీలో ఒకటిగా కొట్టి, అందులో కొద్దిగా ట్యూబులోకి తూచి తీసుకుని, అసిటోనైట్రైల్ పోసి బాగా ఊపి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతాం. పైన తేలిన దాంట్లోంచి హెక్సేన్‌తో కొవ్వు లాగేసి ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ అనే, పదార్థాన్ని బరువుతో గుర్తుపట్టే మెషిన్‌లో పెడతాం. డీఎన్‌సీ అయితే 301 బరువున్న అయాన్‌గా కనిపించాలి, దాన్ని విరగ్గొడితే 137, 107 అనే రెండు ముక్కలు రావాలి, ఆ రెండు ముక్కల నిష్పత్తి కూడా మా స్టాండర్డ్‌తో సరిపోవాలి, అది బయటికొచ్చే నిమిషం కూడా సరిపోవాలి. ఇన్ని కలిస్తేనే "ఉంది" అని రాస్తాం. ఇంకోదాన్ని చూసి ఇది అనుకోవడం అరుదు. పొరపాటు జరిగితే శాంపిల్ మారిపోవడం దగ్గరో, ముందు పెట్టిన ఎక్కువ శాంపిల్ అంటుకుని రావడం దగ్గరో జరుగుతుంది. కాబట్టి అదే గుడ్ల మిగతా ముద్ద వాళ్ల ఫ్రీజర్‌లో ఉందేమో అడగండి, ఉంటే మళ్ళీ పెట్టమనండి.

62 అంటే ఎంత? మైక్రోగ్రాము/కిలో అంటే పీపీబీ, వంద కోట్ల పాళ్లలో 62 పాళ్లు. యూరప్‌లో కూడా లేయర్లకి నికార్బజిన్ వేయకూడదు, కానీ దాణా మిల్లులో పొరపాటున కలిసే దానికని గుడ్లలో 300 దాకా ఒప్పుకుంటారు. ఆ లెక్కన మీ గుడ్డు పాసు. మీ ఒప్పందం లెక్కన ఫెయిలు. ఈ రెండూ వేరు వేరు సంగతులు, మీ కొనుగోలుదారుతో మాట్లాడేటప్పుడు కలపకండి.

అసలు ముఖ్యమైంది ఇది. ఒక్క రిపోర్టు ఫోటో లాంటిది. 62 అనేది పైకి వెళ్తున్న 62 నా, కిందకి దిగుతున్న 62 నా అన్నది దాంట్లో తెలీదు. ఇప్పుడు ఒకసారి, వారం తర్వాత ఒకసారి, ఆ పై వారం ఇంకోసారి గుడ్లు తీయండి. బ్రౌన్ వేరుగా, తెల్లవి వేరుగా. షెడ్డులో ఒక మూల నుంచి కాకుండా అక్కడక్కడ నుంచి పన్నెండేసి ఏరి, పెన్సిల్‌తో తేదీ వేసి పెట్టండి. దాణా కూడా ఒక కిలో పంపండి, అడుగున ఉన్నది.

చిక్కు చెప్తానన్నాను కదా. ఇక్కడి ల్యాబ్‌లకి ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌ల పనితనాన్ని చూసి గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉంటుంది, కానీ అది "రొయ్యలో నైట్రోఫ్యూరాన్" అన్నట్టు పదార్థం, మందు జంటగా ఇస్తారు. గుడ్డులో నికార్బజిన్ అన్నది వాళ్ల స్కోప్ కాగితంలో ఉందో లేదో డబ్బు కట్టే ముందు అడగండి. "యాంటీబయాటిక్ ప్యానెల్" అని రాసి పంపితే ఇది అందులో ఉండకపోవచ్చు, ఎందుకంటే ఇది యాంటీబయాటిక్ కాదు, కాక్సీ మందు. రంగు మారే ట్యూబు కిట్‌లతో అసలు దొరకదు, అవి బాక్టీరియా పెరుగుతుందా ఆగిందా అనే చూస్తాయి. పైగా పచ్చి గుడ్డు తెల్లసొనే బాక్టీరియాని ఆపుతుంది, వేడి చేయకుండా ఆ కిట్‌లో పోసి "అమ్మో మందు ఉంది" అని గోల పెట్టినవాళ్లని చూశాను.

రిటైర్డ్ పశువుల డాక్టరు:

బాబూ, పైన ల్యాబ్ అబ్బాయి చెప్పింది బాగుంది. నేను ఇంకో వైపు నుంచి వస్తాను. నువ్వు చివర్లో తేలిగ్గా వదిలేసిన ముక్కే నాకు పట్టుకుంది.

బ్రౌన్ గుడ్డు పెంకు రంగు పోవడం నికార్బజిన్‌కి పాత గుర్తు. పుస్తకాల్లో ఉంటుంది కానీ మన దగ్గర ఎక్కువ తెల్ల గుడ్లే కాబట్టి ఎవరికీ కనపడదు. వయసు మీద రంగు తగ్గితే మెల్లగా తగ్గుతుంది, మళ్ళీ పెరగదు. నీకు ఒక వారంలో పోయి ఒక వారంలో తిరిగొచ్చింది, అది వయసు కాదు. మిల్లులో అంటుకున్న పిసరంత మందుకి పెంకు తెల్లబడదు, దానికి బాగా మోతాదు కావాలి. బ్రాయిలర్ దాణాలో టన్నుకి 125 గ్రాముల దాకా వేస్తారు, ఆ స్థాయి దాణా కొన్ని రోజులు నీ కోళ్లు తిని ఉండాలి.

రెండు ప్రశ్నలు. ఆ వారం గుడ్లు ఇంట్లో కొట్టారా, పచ్చసొన మీద మచ్చలు ఏమైనా కనిపించాయా? ఆ రోజుల్లో దాణా ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు వేశారు? నువ్వు "నేను వాడలేదు" అన్నావు. నమ్ముతాను. నీ షెడ్డులో వేసేది నువ్వొక్కడివేనా?

బుల్లోడు గారికి: బ్రాయిలర్‌కి హార్మోన్ వేయరండీ. గ్రోత్ హార్మోన్ ప్రోటీను, దాణాలో పెడితే అరిగిపోతుంది, ఇంజక్షన్ అయితే ప్రతి కోడికీ రోజూ పొడవాలి. పదివేల కోళ్ల షెడ్డులో ఆ కూలి ఎవడిస్తాడు? ఆ పెరుగుదల జాతి ఎంపికది, దాణాది. తిట్టాలనుంటే యాంటీబయాటిక్‌ల విషయంలో తిట్టండి, అక్కడ తిట్టడానికి కారణం ఉంది.

గుడ్లబండి:

డాక్టరు గారూ, మీ కాళ్లకి దండం. ఇప్పుడే షెడ్డు నుంచి వచ్చి రాస్తున్నాను.

మా ఆవిడని అడిగితే ఆ వారం ఆమ్లెట్‌కి గుడ్లు కొడుతుంటే పచ్చసొన మీద నీళ్ల మరకల్లా మచ్చలు కనిపించాయట. నాకు చెప్పిందట కూడా, నేను ఫోన్ చూసుకుంటూ ఊఁ అన్నానట. అది వేరే పంచాయితీ.

తుపాను వానలకి మాకు నాలుగు రోజులు దాణా లారీ రాలేదు. కేజ్‌ల కోళ్లకి ఉన్న నిల్వ సరిపెట్టాం, బ్రౌన్ వాటికి ఏం వేశారని మా కుర్రాణ్ని అడిగితే ముందు నసిగాడు. పక్క ఫారం బావ దగ్గర ఆరు బస్తాలు అప్పు తెచ్చాడట. ఆ బావది బ్రాయిలర్. బస్తా సంచులు ఇంకా ఊక మూట పక్కనే పడున్నాయి, తీసి చూస్తే బ్రాయిలర్ స్టార్టర్ అని ఇంత అక్షరాలు, కింద చిన్నగా కాక్సీ మందు పేరు. వాడి తప్పు కూడా ఏముంది, కోళ్లు ఆకలికి అరుస్తుంటే దాణా దాణాయే కదా అనుకున్నాడు. వాడికి నేను ఎప్పుడైనా చెప్తే కదా.

ఇప్పుడు నాకు వేరే భయం. ఆ పాలిపోయిన గుడ్లు మేం తిన్నాం, పిల్లలు తిన్నారు, అమ్మాం కూడా. ఇంకోటి, ఆ దాణా అయిపోయి రెండు వారాలైన తర్వాత తీసిన గుడ్లలో ఇంకా 62 ఎలా ఉంది?

దాణా మిల్లు కుర్రోడు:

లెక్క సరిపోయింది అన్నా. ఆరు బస్తాలు, యాభై కిలోలవి అయితే మూడు వందల కిలోలు. లేయర్ రోజుకి నూట పది గ్రాములు తింటుంది, ఆరు వందల కోళ్లకి అరవై ఆరు కిలోలు. నాలుగున్నర రోజులు. లారీ ఎన్ని రోజులు ఆగిందన్నావ్? నాలుగు.

మా మిల్లు గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈసారి తప్పు మాది కాకపోయినా చాలాసార్లు మాదే అవుతుంది. ఒకే మిక్సర్‌లో ముందు బ్రాయిలర్ బ్యాచ్ కొట్టి వెంటనే లేయర్ కొడితే గోడలకి, ఎలివేటర్ బొక్కెన్లకి పట్టిన పొడి దాంట్లో కలుస్తుంది. నికార్బజిన్ పొడి మరీ దరిద్రం, ఇనుముకి అతుక్కుంటుంది. మధ్యలో వట్టి మొక్కజొన్న పిండి ఒక బ్యాచ్ తిప్పి కడిగినట్టు తీయాలి, రద్దీ రోజున ఎవరూ తీయరు, నేను నిజమే రాస్తున్నా. నువ్వు దాణా దించుకున్నప్పుడల్లా ఒక కిలో కవర్‌లో పోసి తేదీ, బ్యాచ్ నంబరు రాసి పైన పెట్టు. రేపు ఎవరైనా రిపోర్టు పట్టుకొస్తే తప్పు మీదా మాదా అన్నది ఆ కవరే చెప్తుంది.

రిటైర్డ్ పశువుల డాక్టరు:

రెండు వారాలైనా ఎందుకుంది అన్నావు కదా. గుడ్డు ఒక్క రోజులో పెడుతుంది గానీ పచ్చసొన ఒక్క రోజులో తయారవదు. చివరి పది రోజులూ పొర మీద పొరగా నిండుతుంది, ఉల్లిపాయలాగ. కోడి మందు తిన్న రోజున కడుపులో చిన్నవీ పెద్దవీ పచ్చసొనలు వరసగా ఉంటాయి, అన్నిటికీ ఒక పొర అంటుకుంటుంది. అందుకే దాణా మార్చాక కూడా పది పన్నెండు రోజులు వస్తూనే ఉంటుంది. దాని మీద నీ బ్రౌన్ కోళ్లు ఊక మీద ఉన్నాయి. మందు రెట్టలో పడుతుంది, కోడి ఊకని గీరి గింజ ఏరుకుంటూ ఆ రెట్టా కాస్త తింటుంది, మళ్ళీ లోపలికి. కేజ్ కోడికి ఈ అవకాశం లేదు. ఊక పైపొర తీసి కొత్తది పరిపించు.

పిల్లల సంగతి. ఈ మందుకి అంతర్జాతీయ నిపుణుల కమిటీ పెట్టిన రోజువారీ హద్దు మనిషి బరువు కిలోకి 0.4 మిల్లీగ్రాములు, అరవై కిలోల మనిషికి 24 మిల్లీగ్రాములు. నీ 62 పీపీబీ గుడ్డు ఒకటి 55 గ్రాములనుకుంటే అందులో ఉండేది మూడున్నర మైక్రోగ్రాములు. హద్దు చేరాలంటే రోజుకి దాదాపు ఏడు వేల గుడ్లు తినాలి. పాలిపోయిన వారం గుడ్లలో ఇంతకి కొన్ని వందల రెట్లు ఉండి ఉండొచ్చు, అయినా రోజుకో గుడ్డుతో హద్దు దాటరు. పిల్లల గురించి నిద్ర పాడు చేసుకోకు. అలాగని అమ్మడం సరైంది కాదు, లేయర్లకి అనుమతి లేని మందు అది. బ్రౌన్ గుడ్లు రిపోర్టు శుభ్రంగా వచ్చేదాకా ఆపు. పొదిగించడానికి కూడా పెట్టకు, ఈ మందు ఎక్కువైతే పిల్లలు సరిగ్గా దిగవు.

నీకు ఎండాకాలంలో ఇది జరగలేదు, అదృష్టం. నికార్బజిన్ తిన్న కోడి ఎండ దెబ్బకి తట్టుకోలేదు. మే నెలలో అయితే నీకు గుడ్లు కాదు, కోళ్లే పోయేవి.

పనిలో పనిగా మందుల అల్మారా కూడా చూసుకో. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ 2019లోనే ఆహారం కోసం పెంచే జంతువులకి నిషేధం. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు కూడా వాటికి వాడకుండా 2025 మార్చిలో తయారీ, అమ్మకంతో సహా ఆపేశారు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశ ఆహార భద్రత సంస్థ) కొత్త యాంటీబయాటిక్ నిబంధనలు 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. పాత డబ్బాలు ఏ మూలనో ఉంటాయి, మీ కుర్రాడు ఇంకో వానాకాలంలో అవి తీస్తాడు. అనుమతి ఉన్న మందు వేసినా లేబుల్ మీద ఆగాల్సిన రోజులు రాసి లేకపోతే గుడ్లకి కనీసం ఏడు రోజులు, మాంసానికి ఇరవై ఎనిమిది రోజులు ఆపాలి, అది 2012 నుంచి ఉన్న నియమం.

ఎంవీపీ అమ్మ:

నాకో సందేహం. ఇదంతా రైతుల కష్టం, అర్థమైంది. మాలాంటి కొనేవాళ్లం రైతు బజార్‌లో గుడ్లు కొని టెస్టు చేయించుకోవాలంటే దారి ఉందా? ఉడకబెడితే మందు పోతుందా?

రొయ్యల ల్యాబ్:

దారి ఉందమ్మా. ఆహార భద్రత చట్టం 2006 లో నలభయ్యో సెక్షన్ ప్రకారం కొనేవాళ్లే ఫీజు కట్టి ఫుడ్ అనలిస్ట్ దగ్గర పరీక్ష చేయించుకోవచ్చు. కానీ కొనేటప్పుడే అమ్మేవాడికి "దీన్ని పరీక్షకి పంపుతున్నాను" అని చెప్పాలి. తప్పు తేలితే కట్టిన ఫీజు వెనక్కి వస్తుంది. ప్రైవేటు ల్యాబ్‌కి పంపుకోవచ్చు, అది మీ తృప్తి కోసం, కేసుకి పనికిరాదు. కేసంటే ఫుడ్ సేఫ్టీ ఆఫీసరు వచ్చి శాంపిల్ నాలుగు భాగాలు చేసి సీలు వేయాలి. మన గుడ్లబండి గారి దగ్గర జరిగింది ఆ పద్ధతి కాదు కాబట్టి ఆ రిపోర్టుతో ఆయన మీద చట్టపరంగా ఏమీ రాదు, వ్యాపారం ఒక్కటే పోతుంది.

ఉడకబెడితే పోదు. నైట్రోఫ్యూరాన్ అయితే మరీ మొండిది. మందు జంతువు ఒంట్లో కొన్ని గంటల్లో మాయమవుతుంది, దాని ముక్క మాంసంలో ప్రోటీన్‌కి అతుక్కుని వారాల తరబడి ఉంటుంది, వేపినా ఫ్రీజ్ చేసినా అంతే. మేం దాన్ని ఊడదీయడానికి యాసిడ్‌లో వేసి 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచుతాం. అందుకే "సాయంత్రానికి రిపోర్టు కావాలి" అని వచ్చేవాళ్లకి ఎప్పుడూ మాటలు పడతాం.

గుడ్లబండి:

మూడు వారాల తర్వాత వచ్చాను, అప్‌డేట్ ఇవ్వకపోతే బాగోదు.

వైజాగ్‌లో మూడు చోట్ల అడిగితే గుడ్డు స్కోప్‌లో లేదన్నారు, ఒకచోట మాత్రం హైదరాబాద్ బ్రాంచికి పంపి చేయిస్తాం అన్నారు. గుడ్లు ట్రేలో చుట్టి థర్మోకోల్ డబ్బాలో పెట్టి ఇచ్చాను. దారిలో రెండు పగిలాయి, అందుకే పద్నాలుగు ఇచ్చాను, ఇది ఎవరూ చెప్పలేదు, ఇప్పుడు నేను చెప్తున్నా. మొదటి శాంపిల్ బ్రౌన్ 31, వారం తర్వాత 14, మొన్నటిది ఎల్ఓక్యూ లోపు. తెల్లవి మొదటి నుంచీ లేవు. దాణాలో లేదు. ఊక పైపొర నాలుగు ట్రాక్టర్లు బయట పోశాం.

బస్తా సంచి ఫోటో, నాలుగు రిపోర్టులు కలిపి మా కొనుగోలుదారుకి పంపి జరిగింది జరిగినట్టు చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత సోమవారం నుంచి లోడు పంపమన్నాడు, కానీ నెలకోసారి శాంపిల్ ఖర్చు సగం నాది. ఒప్పుకున్నాను. బ్రౌన్ షెడ్డు గుమ్మం మీద ఎర్ర పెయింటుతో "ఇక్కడ అప్పు దాణా వేయరాదు" అని మా కుర్రాడి చేతే రాయించాను, అక్షరాలు వంకరగా ఉన్నాయి గానీ కనపడతాయి.

పక్క ఫారం బావ నిన్న గేటు దగ్గర ఆపి అడిగాడు, ఆరు బస్తాలు ఎప్పుడు తిరిగిస్తావని.